మారతహళ్లిలో అమెరికా గవర్నమెంట్ క్లాస్: సార్‌కి ఐదు స్టార్లు, సెంటర్‌కి రెండు

ముందే చెప్పేస్తున్నా, ఇది వీసా కోచింగ్ కాదు, జీఆర్ఈ కాదు, డాలస్‌లో ఇల్లు కొనడం ఎలా అనే వెబినార్ అంతకన్నా కాదు. అమెరికాలో గవర్నమెంట్ ఎలా నడుస్తుంది, ఆ రెండు పార్టీల గోలేంటి, ప్రెసిడెంట్ సంతకం పెడితే ఏది అవుతుంది ఏది అవ్వదు, సిలబస్ అంతే. వీకెండ్ క్లాసు, తెలుగులోనే చెప్తారు. బెంగళూరులో మారతహళ్లి బ్రిడ్జి దాటాక ఒక కోచింగ్ సెంటర్‌లో పెట్టారు, పేరు మాత్రం రాయట్లేదు, ఎందుకంటే కింద వాళ్ళని కాస్త గట్టిగానే వేసుకోబోతున్నా. అక్కడి తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో అడిగితే ఎవరో ఒకళ్ళు చెప్తారు. ఫీజు మూడు వేల చిల్లర.

ఎవరొస్తున్నారంటే మూడు రకాల జనం. పిల్లలు అమెరికాలో ఉన్న పేరెంట్స్, అక్కడి క్లయింట్లతో పని చేసే మాలాంటి సాఫ్ట్‌వేర్ బ్యాచ్, ఇంకా ఇంటర్నేషనల్ స్కూల్లో చదువుతూ మే నెలలో కాలేజ్ బోర్డ్ వాళ్ళ యూఎస్ గవర్నమెంట్ అండ్ పాలిటిక్స్ పరీక్ష రాయబోయే పిల్లలు. ఆ పరీక్షలో 55 బిట్లు, 4 రాసే ప్రశ్నలు ఉంటాయట, ఈ పిల్లలే క్లాసులో అందరికన్నా షార్ప్, మెటీరియల్‌లో తప్పులు పట్టింది కూడా వాళ్ళే (అది కింద చెప్తా). నేను చేరింది మాత్రం ఇంట్లో గోల భరించలేక. మా మరిదిగారు అక్కడ, మా అత్తగారు ఇక్కడ, టీవీలో ట్రంప్ అని వినపడితే చాలు "ఏమ్మా, మనోడికి ఏమన్నా అవుద్దా" అని నన్నే అడుగుతారు, నేనేదో వైట్‌హౌస్‌లో పనిచేస్తున్నట్టు.

సార్ గురించి ముందు చెప్పాలి. ఆయన ఏ పార్టీ మనిషో చివరిదాకా తెలియనివ్వలేదు, ఈ రోజుల్లో ఇదే పెద్ద విషయం. ఇంకో అలవాటు ఉంది ఆయనకి, ఏ వార్త చెప్పినా చివర్లో ఒకటే ప్రశ్న, "దీన్ని ఎవరు ఆపగలరు?" మొదట్లో ఇదేం తకిట తధిమి అనిపించింది కానీ రెండో వారానికల్లా క్లాసు మొత్తం ఆ ప్రశ్న ముందే అడగడం మొదలెట్టింది. మన దగ్గర సీఎం గారు అనుకుంటే అయిపోతుంది, మెజారిటీ ఉంటే ఇంక అడిగేవాడు ఉండడు, ఆ లెక్కతోనే మనం అమెరికా వార్తలు కూడా చూస్తాం, అందుకే తికమక. అక్కడ ఒక పని చేయించడం కన్నా ఆపడం తేలిక, కావాలనే అలా కట్టుకున్నారు అన్నది ఈ కోర్సు మొత్తం మీద నాకు ఎక్కిన విషయం.

మొదటి క్లాసులో వాళ్ళ రాజ్యాంగం మొత్తం జిరాక్స్ తీసి చేతిలో పెట్టారు. మొత్తం అంటే మొత్తమే. 7 ఆర్టికల్స్, పలచటి కాగితాల కట్ట. 1787లో ఫిలడెల్ఫియాలో కూర్చుని రాసుకున్నారు, 1789 నుంచి అమల్లో ఉంది, ఇప్పటికి సవరణలు 27, అందులో మొదటి పది 1791లో ఒకేసారి వచ్చాయి. మన రాజ్యాంగం ముప్పావు శతాబ్దంలోనే వంద సవరణలు దాటేసింది. వాళ్ళకి ఎందుకు కుదరదంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి, ఆ తర్వాత 50 రాష్ట్రాల్లో 38 ఒప్పుకోవాలి. 27వ సవరణ కథ భలే ఉంది, ఎంపీల జీతాల గురించి 1789లో ప్రపోజ్ చేసింది 1992లో పాసయింది. మధ్యలో అందరూ మర్చిపోతే 1982లో టెక్సస్‌లో గ్రెగరీ వాట్సన్ అనే స్టూడెంట్ దీని మీద కాలేజీలో పేపర్ రాశాడు, సీ గ్రేడ్ ఇచ్చారు, వాడికి మండి రాష్ట్రాలన్నిటికీ ఉత్తరాలు రాస్తూ పోయి చివరికి సవరణే చేయించాడు. 2017లో యూనివర్సిటీ ఆ గ్రేడ్‌ని ఏ కింద మార్చింది. పిల్లల బ్యాచ్ దీనికి చప్పట్లు కొట్టారు.

తర్వాత ప్రెసిడెంట్, కాంగ్రెస్, కోర్టు. కాంగ్రెస్ అంటే అక్కడ పార్టీ కాదు పార్లమెంటు అని ప్రతి క్లాసులోనూ ఎవరో ఒక ఆంటీకి చెప్పాల్సొచ్చింది. దిగువ సభ, అంటే హౌస్‌లో 435 మంది, రెండేళ్ళకోసారి అందరూ ఎన్నికకి వెళ్ళాలి. సెనేట్‌లో 100 మంది, ఆరేళ్ళ టర్ము, రెండేళ్ళకి మూడో వంతు మారుతారు. రాష్ట్రం ఎంత పెద్దదైనా చిన్నదైనా సెనేటర్లు ఇద్దరే, దాదాపు నాలుగు కోట్ల జనమున్న కాలిఫోర్నియాకీ ఇద్దరే, ఆరు లక్షలు కూడా లేని వయోమింగ్‌కీ ఇద్దరే. మన రాజ్యసభలో ఆంధ్రాకి 11, తెలంగాణకి 7, యూపీకి 31 అని బోర్డు మీద రాసి పక్కన ఇది రాశారు, ఇంక వేరే ఎక్స్‌ప్లనేషన్ అక్కర్లేకపోయింది.

మా బెంచీలో బ్యాంకులో చేసి రిటైరైన అంకుల్ ఒకాయన ఉండేవారు, భీమవరం వైపు, బిల్లు పాసవ్వడం గురించి సార్ చెప్తుంటే "అంటే లాకర్ అన్నమాట, మా తాళం పెట్టాలి, కస్టమర్ తాళమూ పెట్టాలి" అన్నారు. సార్‌కి అది ఎంత నచ్చిందంటే మిగతా కోర్సంతా లాకర్ అనే వాడారు. హౌస్ తాళం, సెనేట్ తాళం, ఆ పైన ప్రెసిడెంట్ తాళం. ప్రెసిడెంట్ వీటో చేస్తే రెండు సభలూ మూడింట రెండొంతులతో దాన్ని దాటొచ్చు, కానీ అంతమంది కలవడం అరుదు.

మనకి అలవాటైన ఇంకో లెక్క కూడా అక్కడ తిరగబడుతుంది. మన దగ్గర మంత్రి అవ్వాలంటే ఎమ్మెల్యేనో ఎంపీనో అవ్వాలి, కాకపోతే ఆరు నెలల్లో అయి తీరాలి. అక్కడ మంత్రి అయితే సభలో ఉండకూడదు. మార్కో రూబియో 2025 జనవరిలో విదేశాంగ మంత్రి అయ్యేటప్పుడు సెనేటర్ పదవి వదిలేసుకున్నాడు. అవిశ్వాస తీర్మానం లేదు, సభని రద్దు చేసి ముందస్తుకి వెళ్ళడం లేదు. ప్రెసిడెంట్ ఎన్నిక అంటే నవంబర్‌లో మొదటి సోమవారం తర్వాత వచ్చే మంగళవారం, 1845 నుంచి చట్టంలో అంతే. అంతర్యుద్ధం జరుగుతున్నప్పుడు కూడా 1864లో ఎన్నిక పెట్టుకున్నారు. రిసార్టు రాజకీయాలు అనే సబ్జెక్టే లేదు ఆ దేశంలో, బెంగళూరు రిసార్టుల వాళ్ళకి చెప్తే ఫీలవుతారు.

ఉషా చిలుకూరి గారి టాపిక్ రాకుండా ఉంటుందా మన జనం ఉన్నాక! ఆవిడ భర్త, వైస్ ప్రెసిడెంట్ వాన్స్ గారు మన అల్లుడే కదా అని ఒకాయన మొదలెట్టారు. సార్ దాన్నే పట్టుకుని వైస్ ప్రెసిడెంట్ పనేంటి అని లాగారు. రాజ్యాంగం ప్రకారం ఆయన సెనేట్‌కి అధ్యక్షుడు, ఓటు మాత్రం 50-50 అయితేనే. రక్షణ మంత్రిగా హెగ్సెత్‌ని 2025 జనవరిలో అలాగే 51-50తో గట్టెక్కించారు, జులైలో ఆ పెద్ద టాక్స్ బిల్లు కూడా అంతే. మిగతా టైములో ప్రెసిడెంట్ ఏ పని అప్పచెప్తే అది.

షట్‌డౌన్ (డబ్బులు పాసవ్వక గవర్నమెంట్ ఆఫీసులు మూతపడటం) మీద క్లాసు బాగా కుదిరింది. మాలో సగం మందికి ఆ టైములో క్లయింట్ మీటింగులు కేన్సిలయిన అనుభవం ఉంది కాబట్టి ఇంట్రెస్ట్ ఎక్కువ. 2025 అక్టోబర్ 1న మొదలై నవంబర్ 12 దాకా 43 రోజులు నడిచింది, దానికి ముందు రికార్డు 2018-19లో 35 రోజులు. అధికార పార్టీకి రెండు సభల్లోనూ మెజారిటీ ఉండి కూడా ఎందుకు డబ్బులు పాస్ చేసుకోలేకపోయారు అని అందరికీ డౌటు. సెనేట్‌లో మామూలు బిల్లు మీద చర్చ ఆపి ఓటింగ్‌కి తేవాలంటేనే 60 మంది కావాలి, అది రాజ్యాంగంలో లేదు, సెనేట్ తనకి తాను పెట్టుకున్న రూలు. ఏడాదికి ఒకట్రెండు సార్లు బడ్జెట్ కోసం పెట్టుకున్న ప్రత్యేక దారిలో 51తో నెట్టుకురావచ్చు కానీ మామూలు ఖర్చుల బిల్లుకి ఆ దారి లేదు. సార్ అప్పుడు అడిగింది ఇది, మన లోక్‌సభలో బడ్జెట్ ఓడిపోతే ఏమవుతుంది? ప్రభుత్వం పడిపోతుంది, కొత్తవాళ్ళొస్తారు, డబ్బు ఆగదు. అక్కడ ప్రభుత్వం పడదు, డబ్బు ఆగుతుంది. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు జీతాల్లేకుండా డ్యూటీలు చేశారు, విమానాలు తగ్గించేశారు. మా టీమ్‌లో ఒకబ్బాయి లేచి "సార్ ఇది డిజైనా బగ్గా" అన్నాడు, సార్ నవ్వి ఊరుకున్నారు, జవాబు చెప్పలేదు, చెప్తే బాగుండేది.

అసలు ఫుల్ హౌస్ అయింది హెచ్-1బి క్లాసుకి. వేరే బ్యాచ్ వాళ్ళు కూడా వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డారు. సార్ బోర్డు మీద గీతలు గీసి ఏది ఎవరి చేతిలో ఉందో రాసుకుంటూ వెళ్ళారు. ఏడాదికి 65,000, అక్కడే మాస్టర్స్ చేసినవాళ్ళకి ఇంకో 20,000, ఈ లెక్క చట్టంలో ఉంది, మార్చాలంటే కాంగ్రెస్సే మార్చాలి. గ్రీన్ కార్డుల్లో ఒక దేశానికి 7 శాతం మించకూడదు అన్నదీ చట్టమే, మనవాళ్ళ క్యూ అంత పొడుగు అవ్వడానికి కారణం అదే, ఏ ప్రెసిడెంట్ వచ్చినా ఆయన ఒక్క సంతకంతో అది పోదు. హెచ్-4 వాళ్ళలో (హెచ్-1బి వాళ్ళ భార్య లేదా భర్త) కొందరు ఉద్యోగం చేసుకునే పర్మిషన్ మాత్రం 2015లో గవర్నమెంట్ డిపార్ట్‌మెంట్ తెచ్చిన రూలు, చట్టం కాదు, అంటే ఇంకో గవర్నమెంట్ వచ్చి పద్ధతి ప్రకారం తీసేయాలనుకుంటే తీసేయొచ్చు. 2025 సెప్టెంబర్‌లో కొత్త దరఖాస్తులకి లక్ష డాలర్లు అన్నది ప్రెసిడెంట్ ప్రకటన, విదేశీయుల రాకని ఆపే అధికారం ఇమిగ్రేషన్ చట్టంలో ప్రెసిడెంట్‌కి ఇచ్చిన సెక్షన్ ఒకటుంది, దాన్ని పట్టుకుని చేసింది. దీన్ని ఎవరు ఆపగలరు? కోర్టు, లేదా కాంగ్రెస్ కొత్త చట్టం, లేదా తర్వాతి ప్రెసిడెంట్. ఈ బోర్డు ఫోటో తీసుకోని మనిషి లేడు. నేను మా అత్తగారికి పంపాను, ఆవిడ ఇప్పుడు టీవీ చూస్తూ "ఇది చట్టమా, ప్రకటనా" అని అడుగుతున్నారు.

ఇంక పార్టీలు. నాకు కోర్సులో బెస్ట్ పార్ట్ ఇదే, సార్ కూడా ఇక్కడ టైము చూసుకోలేదు.

వాళ్ళ రాజ్యాంగంలో పార్టీ అనే మాటే లేదు. వాషింగ్టన్ 1796లో దిగిపోతూ రాసిన వీడ్కోలు సందేశంలో ఈ ముఠాలతో జాగ్రత్త అని హెచ్చరించాడు, ఆయన కేబినెట్‌లోనే హామిల్టన్ ఒక వర్గం, జెఫర్సన్ ఒక వర్గం అయిపోయి అప్పటికే కొట్టుకుంటున్నారు. ఇప్పటి డెమోక్రాట్లు 1820ల చివర ఆండ్రూ జాక్సన్ టైములో తయారయ్యారు, రిపబ్లికన్లు 1854లో బానిసత్వం కొత్త ప్రాంతాలకి పాకడాన్ని వ్యతిరేకిస్తూ పుట్టారు, లింకన్ వాళ్ళ మొదటి ప్రెసిడెంట్. మరి అప్పట్లో దక్షిణాదిన నల్లజాతివాళ్ళ హక్కులకి అడ్డుపడింది డెమోక్రాట్లు, ఇప్పుడు నల్లజాతి ఓట్లు ఎక్కువ పడేదీ డెమోక్రాట్లకే, ఇదెలా అని ఒక పాప అడిగింది. 1930ల్లో డెమోక్రాట్ ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ టైముకే ఉత్తరాది నల్లజాతి ఓటు ఇటు జరగడం, 1964లో పౌరహక్కుల చట్టం మీద డెమోక్రాట్ ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం పెట్టడం, అదే ఏడు రిపబ్లికన్ అభ్యర్థి గోల్డ్‌వాటర్ దానికి వ్యతిరేకంగా ఓటేసి దక్షిణాదిలో ఐదు రాష్ట్రాలు గెలవడం, ఆ తర్వాత దశాబ్దాల పాటు తెల్లజాతి దక్షిణాది మెల్లమెల్లగా అటు వెళ్ళిపోవడం, ఇదంతా మ్యాపుల మీద ఒక్కో ఎన్నిక వేసి చూపించారు. మ్యాపులో ఎరుపు రిపబ్లికన్, నీలం డెమోక్రాట్ అన్నది కూడా 2000 ఎన్నిక తర్వాతే స్థిరపడిందట, అంతకుముందు ఒక్కో చానెల్ ఒక్కో రంగు వేసుకునేది.

టికెట్ల సంగతి వినండి. మన దగ్గర బీ-ఫారం కోసం నామినేషన్ ఆఖరి రోజు దాకా కార్లు తిరుగుతూనే ఉంటాయి, హైకమాండ్ మూడ్ బట్టి ఉంటుంది. అక్కడ హైకమాండ్ లేదు, టికెట్ ఇచ్చేది ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ముందస్తు ఎన్నికలో ఓటేసే మామూలు జనం. కొన్ని రాష్ట్రాల్లో ఆ పార్టీ కింద రిజిస్టర్ చేసుకున్నవాళ్ళకే ఓటు, కొన్నిచోట్ల ఎవరైనా వేయొచ్చు. 2014లో వర్జీనియాలో ఎరిక్ కాంటర్, హౌస్‌లో మెజారిటీ లీడర్, స్పీకర్ తర్వాతి మనిషి, సొంత పార్టీ ప్రైమరీలో డేవ్ బ్రాట్ అనే ఎకనామిక్స్ ప్రొఫెసర్ చేతిలో ఓడిపోయాడు. మన భాషలో నంబర్ టూ లీడర్‌కే టికెట్ రాలేదన్నమాట. అందుకే అక్కడ నాయకులు పార్టీ ప్రెసిడెంట్‌కి భయపడరు (రిపబ్లికన్ పార్టీ చైర్మన్ పేరు క్లాసులో ఒక్కళ్ళు చెప్పలేకపోయారు, మన దగ్గర పార్టీ అధ్యక్షుడి పేరు తెలియని చంటిపిల్ల ఉంటుందా), ప్రైమరీలో ఓటేసేవాళ్ళకి భయపడతారు, ఆ ఓటేసేవాళ్ళు తక్కువమందే, వాళ్ళలో పట్టు ఎక్కువున్నవాళ్ళే ఎక్కువ, అందుకే గొంతులు అంత పెద్దగా వినపడతాయి.

విప్ అనే పదవి ఉంది కానీ విప్ ధిక్కరిస్తే సీటు పోదు. మనకి 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం లాంటిది లేదు. 2017 జులైలో ఒబామా హెల్త్ చట్టాన్ని తీసేద్దామని రిపబ్లికన్లు తెచ్చిన బిల్లు మీద మెకెయిన్ అనే సెనేటర్, సొంత పార్టీవాడే, అర్ధరాత్రి దాటాక సభలోకి వచ్చి బొటనవేలు కిందకి చూపించి వెళ్ళాడు, 51-49తో బిల్లు పోయింది. సార్ ఆ వీడియో వేశారు. ప్రొజెక్టర్ కేబుల్ లూజు, రెండుసార్లు స్క్రీన్ పోయింది, సరిగ్గా బొటనవేలు టైముకి మూడోసారి పోయింది. ఫోన్‌లో చూశాం అందరం.

మూడో పార్టీ ఎందుకు రాదు అన్నదానికి సార్ ఇచ్చిన ఉదాహరణ మనవాళ్ళకి నేరుగా తగిలింది. 1992లో రాస్ పెరో అనే కోటీశ్వరుడు ఇండిపెండెంట్‌గా నిలబడి దేశం మొత్తం మీద దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకున్నాడు, ఎలక్టోరల్ ఓట్లు (ప్రెసిడెంట్‌ని తేల్చేవి ఇవే, రాష్ట్రానికి ఇన్ని అని ఉంటాయి) మాత్రం సున్నా. 2009లో ప్రజారాజ్యం కనీసం 18 సీట్లయినా గెలిచింది. పెరోకి అది కూడా లేదు. ఎక్కువ ఓట్లు వచ్చినవాడికే రాష్ట్రం మొత్తం అంటే మూడోవాడికి ఏమీ మిగలదు. మొత్తం ఎలక్టోరల్ ఓట్లు 538, గెలవాలంటే 270, మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా 48 రాష్ట్రాల్లో గెలిచినవాడికే అన్నీ. అందుకే 2016లో హిల్లరీకి 28 లక్షలకి పైగా ఓట్లు ఎక్కువొచ్చినా ట్రంప్ గెలిచాడు. ఇది మీకు తెలిసే ఉంటుంది, వదిలేస్తున్నా.

నియోజకవర్గాల గీతల ఆట మాత్రం చెప్పి తీరాలి. అందరికీ గళ్ళ కాగితం ఇచ్చారు, ఐదు అడ్డం ఐదు నిలువు, 25 ఇళ్ళు. 15 పసుపు, 10 గులాబీ (రంగులు చూసి క్లాసులో ఈలలు). ఐదేసి ఇళ్ళు కలిపి ఐదు నియోజకవర్గాలు చెయ్యండి అన్నారు. పసుపువాళ్ళకి మూడేసి ఇళ్ళు పడేలా గీస్తే ఐదుకి ఐదు వాళ్ళవే, గులాబీ తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు గులాబీని గెలిపించండి అన్నారు. పది ఇళ్ళతో ఎలా గెలుస్తారు అని అందరం పెన్నులు నములుతుంటే ఆ బ్యాంకు అంకుల్ నిమిషంలో గీసేశారు, మూడు నియోజకవర్గాల్లో గులాబీ మూడేసి, మిగిలిన ఒక్క ఇంటినీ పసుపు కోటలో వదిలేశారు, 3-2తో గులాబీ ప్రభుత్వం. "లోన్ ఫైళ్ళు చూసినవాడికి ఇదెంత" అన్నారు. ఒక్క ఇల్లు అటూ ఇటూ అవ్వలేదు, ఒక్క ఓటు మారలేదు, గీత మారింది అంతే. 1812లో మసాచుసెట్స్ గవర్నర్ గెర్రీ వల్లే ఈ కళకి జెర్రీమాండరింగ్ అని పేరొచ్చింది, చాలా రాష్ట్రాల్లో ఇప్పటికీ గీతలు గీసేది అక్కడి శాసనసభే, అంటే ఆటగాళ్ళే అంపైర్లు. మామూలుగా పదేళ్ళకి జనాభా లెక్కల తర్వాత గీస్తారు, 2025లో టెక్సస్ మధ్యలోనే తిరగ్గీసింది, దానికి పోటీగా కాలిఫోర్నియా నవంబర్‌లో జనం ఓటు పెట్టి తనూ తిరగ్గీసుకుంది. మన దగ్గర డీలిమిటేషన్‌కి వేరే కమిషన్ ఉంటుంది, అయినా దక్షిణాది సీట్లు తగ్గుతాయేమో అని మనం ఎంత టెన్షన్ పడుతున్నాం చూడండి. ఈ ఒక్క క్లాసుకే ఫీజు గిట్టుబాటు.

గొడవలు అవుతాయా అంటే అయ్యాయి. కొడుకు టెక్సస్‌లో ఉన్న అంకుల్ ఒకరు, కూతురు న్యూజెర్సీలో ఉన్న అంకుల్ ఒకరు, ఇద్దరికీ అక్కడ ఓటు లేదు, ఇక్కడ బీపీ టాబ్లెట్లు మాత్రం ఉన్నాయి. సార్ పెట్టిన రూలు ఏంటంటే వాదించాలనుకుంటే ఎదుటి పార్టీ వాదన ముందు మీరు చెప్పండి, వాళ్ళు "అవును మా మాట అదే" అంటేనే మీది మొదలుపెట్టండి. తుపాకుల మీద ఇద్దరూ ట్రై చేశారు. టెక్సస్ అంకుల్ డెమోక్రాట్ల వాదన చెప్పిన తీరు చూస్తే ఆయనే కొంచెం కంగారు పడ్డారు, అంత బాగా చెప్పారు. పన్నులు, అబార్షన్, ఇమిగ్రేషన్, హెల్త్ ఇన్సూరెన్స్, అన్నిటి మీదా ఇదే పద్ధతి.

ఇంక తిట్లు. కోర్టులు చాలా తక్కువ చెప్పారు. తొమ్మిది మంది జడ్జిలు, ప్రెసిడెంట్ పేరిస్తే సెనేట్ ఒప్పుకోవాలి, మనలాగా 65కి రిటైర్మెంట్ లేదు, జీవితకాలం. 1803లో మార్బరీ కేసుతో చట్టాలని కొట్టేసే అధికారం కోర్టు తనే తీసుకుంది, ఇంత పెద్ద విషయం చెప్తుండగానే తర్వాతి బ్యాచ్ పిల్లలు తలుపు తీసి చూస్తున్నారు. ఎవరు ఆపగలరు అనే ప్రశ్నకి ఈమధ్య సగం జవాబులు కోర్టే కదా, దానికి ఇంకో పూట ఇవ్వాల్సింది. రాష్ట్రాలు, కౌంటీలు, స్కూల్ బోర్డులు ఇంకా తక్కువ. డాలస్ దగ్గర కూతురున్న ఆంటీ అడిగింది న్యాయమైన డౌటు, టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదంటారు మరి మా అమ్మాయి ఇంటి పన్ను అంత ఎందుకు కడుతోంది అని. స్కూల్ డిస్ట్రిక్టులు, కౌంటీలు ఆ ప్రాపర్టీ టాక్స్ మీదే నడుస్తాయి, ఆ బోర్డులకి కూడా ఎన్నికలుంటాయి అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అక్కడ ఉండేవాళ్ళ రోజువారీ బతుకు వైట్‌హౌస్ కన్నా ఈ బోర్డుల చేతుల్లోనే ఎక్కువ ఉంటుంది, నాకైతే ఇది పెద్ద లోటు.

సెంటర్‌వాళ్ళ సంగతి వేరే. ప్రింటెడ్ మెటీరియల్‌లో కాలిఫోర్నియాకి 55 ఎలక్టోరల్ ఓట్లు అని ఉంది, 2020 జనాభా లెక్కల తర్వాత అది 54, పదో తరగతి పిల్లాడు లేచి చెప్తే సార్ అక్కడికక్కడే అందరి చేతా కొట్టేయించి దిద్దించారు, సెంటర్‌వాళ్ళు మాత్రం అదే కట్ట తర్వాతి బ్యాచ్‌కీ అమ్ముతున్నారు. రికార్డింగులు ఇస్తామని ఫీజు కట్టేటప్పుడు చెప్పారు, ఇవ్వలేదు, అడిగితే "అప్‌లోడ్ అవుతున్నాయి మేడమ్". గెస్ట్ లెక్చర్ అని ఒక ఆదివారం పెట్టింది చూస్తే ఫారిన్ ఎడ్యుకేషన్ కన్సల్టెన్సీ వాళ్ళ సేల్స్ టాక్, వచ్చినాయన ఫెడరలిజం అనే మాట ఒక్కసారి అన్నాడు, మిగతాదంతా స్ప్రింగ్ ఇన్‌టేక్. రిటైరైన పెద్దవాళ్ళ నంబర్లు ఆయనకి ఎలా వెళ్ళాయో ఇప్పటికీ ఫోన్లు వస్తున్నాయట. ఇది మాత్రం ఘోరం.

ఎవరికి పనికొస్తుందంటే పేరెంట్స్‌కి నూరుపాళ్ళు, సాఫ్ట్‌వేర్‌వాళ్ళకి ఆఫీసులో క్లయింట్ ఏదన్నా జోకేస్తే నవ్వాలో వద్దో తెలుస్తుంది. పరీక్ష రాసే పిల్లలకి బేసిక్స్ బాగా పడతాయి కానీ ఇది ఒక్కటే సరిపోదు, పరీక్షలో అడిగే కోర్టు కేసులు విడిగా చదువుకోవాలి. రాబోయే ఎన్నికలో ఎవరు గెలుస్తారో చెప్తారని వెళ్తే వెళ్ళకండి, ఆ ప్రశ్న అడిగినవాళ్ళకి సార్ టీ తాగి రమ్మంటారు.

చేరాలనుకుంటే ఆదివారం పొద్దున బ్యాచ్ చూసుకోండి, శనివారం సాయంత్రం రింగ్ రోడ్డు మీద నుంచి వచ్చేసరికి సగం క్లాసు అయిపోతుంది. ఫీజు రెండు వాయిదాల్లో కడతామంటే ఒప్పుకుంటారు, అడగాలి అంతే. ఫారంలో మొబైల్ నంబర్ దగ్గర మీది కాకుండా మీ ఇంట్లో ఎవరూ ఎత్తని పాత సిమ్ నంబర్ రాయండి. రికార్డింగుల మాట రసీదు మీద రాయించుకోండి, ఇవ్వకపోతే రెండో వాయిదా కట్టకండి.